రోమ్ ఎందుకు కూలింది అని అడిగితే ప్రతివాళ్ళూ తమ కోపమే చెబుతారెందుకు?

గోదావరి_గట్టు
ఈమధ్య రోమన్ సామ్రాజ్య పతనం గురించి చదవడం మొదలుపెట్టాను. ఒక సంగతి విసుగు తెప్పిస్తోంది. పన్నులంటే పడనివాడు పన్నుల వల్ల కూలిందంటాడు. వలస వచ్చినవాళ్ళంటే పడనివాడు బర్బర తెగలు కూల్చాయంటాడు. మా వీధిలో ఉండే ప్రకృతి వైద్యుడు సీసపు గొట్టాల నీళ్ళు తాగి అందరికీ మతి పోయిందంటాడు. మా మేనమామ మాత్రం విందులు, విలాసాలు, నీతి చెడటం అంటాడు. ఆ మాట అనేటప్పుడు ఎందుకో నావైపే చూస్తాడు. పండితులు ఇన్నేళ్ళుగా చెప్పిన కారణాలన్నీ ఒక జర్మన్ చరిత్రకారుడు పోగేస్తే 210 తేలాయట! ఇన్ని కారణాలు చెప్పారంటే అసలుది ఎవరికీ తెలియదనే కదా? మనవాళ్ళలో చదువుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. పరీక్షకు నిలబడే కారణం ఒక్కటి చెప్పండి. పాఠ్యపుస్తకంలో క్రీ.శ. 476 అని ఉంది. ఆ ఏడాది అసలు ఏం జరిగింది?

లెక్కల_మాస్టారు
476లో జరిగింది చాలా తక్కువ. ఒడోఅకర్ అనే సేనాని పశ్చిమ రాజధాని రావెన్నాలో రోములస్ అగస్టులస్ అనే కుర్ర చక్రవర్తిని గద్దె దించాడు. చంపలేదు కూడా. ఏడాదికి 6,000 బంగారు నాణేల భరణం ఏర్పాటు చేసి కంపానియాకు పంపేశాడు. రాజచిహ్నాలను కాన్‌స్టాంటినోపుల్‌లో ఉన్న తూర్పు సామ్రాజ్యపు చక్రవర్తి జెనోకు పంపించి, ఇక్కడ వేరే చక్రవర్తి అక్కర్లేదు, తమరొక్కరు చాలన్నాడు. జెనో గుర్తించిన పశ్చిమ చక్రవర్తి జూలియస్ నెపోస్ 480 వరకు డాల్మేషియాలో బతికే ఉన్నాడు. సెనేట్ యథాప్రకారం సమావేశమవుతూనే ఉంది.

నన్నడిగితే గుర్తుంచుకోవలసిన ఏడాది 439. ఆ అక్టోబరులో వాండల్ తెగ రాజు గైసెరిక్ కార్తేజ్‌ను పట్టుకున్నాడు.

వేపచెట్టు_కింద
పదవి పోయిన పిల్లవాడికి ఏటా ఆరు వేల బంగారు నాణేలా! ఆ లెక్కన కూలిపోవడం కూడా మంచి ఉద్యోగమే.

గోదావరి_గట్టు
కార్తేజ్ సముద్రానికి అవతల ఎక్కడో ఆఫ్రికాలో ఉంది కదా. అది పోతే రోమ్‌కు వచ్చిన నష్టం ఏమిటి?

లెక్కల_మాస్టారు
ఖజానా శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి, కాబట్టి యుద్ధాల కన్నా ముందు జమాఖర్చులు చూస్తాను. ఇప్పటి ట్యునీసియా, దాని పక్కన ఉన్న నేల అప్పట్లో పశ్చిమ సామ్రాజ్యానికి ధాన్యాగారం. రోమ్ ప్రజలకు పంచే రొట్టెకు గోధుమలు, నూనె అక్కడినుంచే వచ్చేవి. సరిహద్దు దండయాత్రలకు దూరంగా ఉండటంతో అక్కడి పన్నులో ఎక్కువ భాగం మిగులుగా ఇటలీకి చేరేది. సైన్యానికి జీతం ఆ మిగులు నుంచే. అది పోయిన ఐదేళ్ళకు, అంటే 444లో, పశ్చిమ చక్రవర్తి మూడో వాలెంటినియన్ ఒక చట్టం చేశాడు. కొత్తగా చేర్చుకున్నవాళ్ళ మాట అటుంచి, ఉన్న సైనికులకే తిండీ బట్టా పెట్టడానికి రాబడి చాలడం లేదని ప్రభుత్వమే అందులో ఒప్పుకుంది. ఆ పేరుతో అమ్మకాల మీద ఇరవై నాలుగో వంతు కొత్త పన్ను వేసింది.

ఇక అక్కడినుంచి వరస చూడండి. ఒక రాష్ట్రం పోతే దాని పన్ను పోయింది, పన్ను పోతే సైన్యం తగ్గింది, సైన్యం తగ్గితే ఇంకో రాష్ట్రం పోయింది. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు కాబట్టే 468లో తూర్పు, పశ్చిమ ప్రభుత్వాలు కలిసి కార్తేజ్ మీదికి మహా నౌకాదళాన్ని పంపాయి. 1,30,000 పౌండ్ల బంగారం ఖర్చయిందని చరిత్రకారుడు ప్రోకోపియస్ రాశాడు. నాయకుడు బసిలిస్కస్ సంధి మాటలు నమ్మి ఐదు రోజులు ఊరుకున్నాడు. ఈలోగా గాలి తిరిగింది. గైసెరిక్ మండుతున్న పడవలను వాళ్ళ ఓడల మీదికి వదిలాడు. తర్వాత ఎనిమిదేళ్ళకు 476.

రైన్_ఒడ్డు
మాస్టారూ, కార్తేజ్ చేతికి చిక్కేలోపు వాండల్‌లు ఎంత దూరం నడిచారో కూడా చెప్పాలి కదా! నేను ఉండేది జర్మనీలోని కొలోన్‌లో. రోజూ రైన్ నది దాటే ఆఫీసుకు వెళతాను. 406 డిసెంబరు చివర వాండల్‌లు, అలాన్‌లు, సుయెవీలు అనే తెగలవాళ్ళు రైన్ దాటారు. 409లో స్పెయిన్‌లో దిగారు. 429లో ఆఫ్రికాకు ఓడలెక్కారు. ఇరవై మూడేళ్ళపాటు వాళ్ళను ఎవరూ పూర్తిగా ఆపలేకపోయారు. ఎందుకని అడగాల్సింది అక్కడ.

ఎందుకంటే రోమన్లు ఒకరినొకరు నరుక్కుంటున్నారు. సరిహద్దు దళాలను పశ్చిమ సేనాపతి స్టిలికో అప్పటికే ఇటలీ రక్షణకు లాగేశాడు. 407లో బ్రిటన్‌లోని సైన్యం మూడో కాన్‌స్టాంటైన్ అనేవాణ్ణి చక్రవర్తిగా నిలబెట్టి గాల్‌లోకి (ఇప్పటి ఫ్రాన్స్) దిగింది. 408లో పశ్చిమ చక్రవర్తి హొనోరియస్ తన సొంత సేనాపతి స్టిలికోనే చంపించాడు. ఆ వెంటనే ఇటలీ ఊళ్ళలో రోమ్ సైన్యంలో పనిచేస్తున్న తెగల సైనికుల భార్యాపిల్లలను ఊచకోత కోశారు. ఆ సైనికులు 30,000 మంది నేరుగా గోత్ తెగ నాయకుడు అలారిక్ దగ్గరికి వెళ్ళిపోయారని చరిత్రకారుడు జోసిమస్ రాశాడు. రెండేళ్ళకు, 410లో, అలారిక్ చేతిలో రోమ్ దోపిడీ. అలారిక్‌కు సైన్యాన్ని సమకూర్చి పెట్టింది ఎవరు?

ఇంకొక మాట. రైన్ గడ్డకట్టింది, తెగలు మంచు మీద నడిచి వచ్చాయి అని ప్రతి వీడియోలోనూ చూపిస్తారు. ఆ కాలంవాళ్ళు ఎవరూ అలా రాయలేదు. తర్వాతి చరిత్రకారుల ఊహ అది.

మిరియాల_డబ్బా
అలారిక్ పేరు వచ్చింది కాబట్టి నాకిష్టమైన చిట్టా పెడుతున్నాను. 408లో మొదటిసారి రోమ్‌ను ముట్టడించినప్పుడు, వదిలి వెళ్ళడానికి అతను అడిగినవి: 5,000 పౌండ్ల బంగారం, 30,000 పౌండ్ల వెండి, 4,000 పట్టు అంగీలు, ఎర్రరంగు అద్దిన 3,000 తోళ్ళు, 3,000 పౌండ్ల మిరియాలు. ఆ మిరియాలు మలబారు తీరం నుంచి పోయినవే. మన దక్షిణాది సరుకు లేకుండా గోత్‌లకు కూడా ముద్ద దిగలేదన్నమాట.

వేపచెట్టు_కింద
అలారిక్‌కు చారు పెట్టి పంపితే 410 తప్పేది.

లెక్కల_మాస్టారు
మిరియాల_డబ్బా గారు మంచి చిట్టా ఇచ్చారు. దాని పక్కన ఇంకొక అంకె పెట్టి చూడండి. అదే కాలపు చరిత్రకారుడు ఒలింపియోడోరస్ లెక్క ప్రకారం, రోమ్‌లోని అత్యంత సంపన్న కుటుంబాలకు ఒక్కొక్కదానికి ఏడాదికి 4,000 పౌండ్ల బంగారం వచ్చేది. ధాన్యం, ద్రాక్షసారా రూపంలో వచ్చేది ఇందులో చేరలేదు. అంటే అలారిక్ అడిగిన బంగారం ఒక పెద్దింటి ఏడాదింపావు రాబడి. అయినా ఇళ్ళిళ్ళూ తిరిగి వసూలు చేయలేకపోయారు, గుళ్ళలోని విగ్రహాల నగలు ఒలిచారు, కొన్ని విగ్రహాలనే కరిగించారు. కరిగించినవాటిలో పరాక్రమ దేవత విగ్రహం కూడా ఉందని జోసిమస్ ప్రత్యేకంగా రాసిపెట్టాడు. దేశంలో డబ్బుంది. అది ఉన్న ఇంటి గడప లోపలికి పన్ను అధికారి వెళ్ళలేడు.

గోదావరి_గట్టు
అంటే పన్నులు ఎక్కువై కూలిందా, తక్కువై కూలిందా?

లెక్కల_మాస్టారు
కింద ఉన్నవాడికి ఎక్కువై, పైన ఉన్నవాడికి తక్కువై.

సంధ్య_చదువులు
సామాన్యుల మాట ఎవరూ ఎత్తలేదు. 449లో హూణుల రాజు అట్టిలా దగ్గరికి రాయబారంతో వెళ్ళిన ప్రిస్కస్‌కు అక్కడ హూణుల దుస్తుల్లో ఉన్న ఒక గ్రీకు వర్తకుడు తగిలాడు. యుద్ధఖైదీగా వచ్చి, స్వేచ్ఛ సంపాదించుకుని, అక్కడే పెళ్ళి చేసుకుని స్థిరపడ్డాడు. వెనక్కి రావచ్చు కదా అంటే, అక్కడ పన్నుల వేధింపు, కోర్టులో డబ్బున్నవాడికే న్యాయం, నాకు ఇక్కడే హాయిగా ఉందన్నాడు. ప్రిస్కస్ రోమన్ చట్టాల గొప్పతనం మీద పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. అంతా విని అతను కంటనీరు పెట్టుకుని, చట్టాలు మంచివే, నడిపేవాళ్ళే పాడుచేస్తున్నారని అన్నాడట. ఆ సంభాషణ రాసింది ప్రభుత్వం తరఫున వెళ్ళిన మనిషే కాబట్టి తూకం ఆయనవైపు మొగ్గి ఉంటుంది. అయినా ఆ ఫిర్యాదును దాచకుండా రాశాడు. సామ్రాజ్యం నిలబడితే తనకేం ఒరుగుతుంది అని ప్రజలే అనుకుంటున్నప్పుడు ఎంత సైన్యం ఉన్నా ఏం లాభం?

తెగింపు_తెలుగు
ఎన్ని చెప్పినా, గోత్‌లను సరిహద్దు దాటనిచ్చారు, వాళ్ళే కొంప ముంచారు. ఇందులో ఇంత తర్కం ఎందుకు?

సంధ్య_చదువులు
దాటనిచ్చాక ఏం చేశారో కూడా చెప్పండి. 376లో గోత్‌లు హూణుల ధాటికి తట్టుకోలేక డాన్యూబ్ ఒడ్డుకు చేరి, అనుమతి అడిగి దాటారు. సైన్యానికి మనుషులు దొరుకుతారని వాలెన్స్ చక్రవర్తి సంతోషంగానే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత లుపిసినస్, మాక్సిమస్ అనే అధికారులు వాళ్ళను ఆకలికి మాడ్చి, కుక్కమాంసం ఇచ్చి బదులుగా వాళ్ళ పిల్లలను బానిసలుగా తీసుకున్నారు. రాసింది గోత్‌ల పక్షంవాడు కాదు, రోమన్ సైన్యంలో పనిచేసిన అమ్మియానస్. తిరుగుబాటు రాకపోతే ఆశ్చర్యపోవాలి. 378 ఆగస్టు 9న అడ్రియానోపుల్ దగ్గర అన్న కొడుకు గ్రేషియన్ సైన్యం వచ్చేదాకా ఆగకుండా వాలెన్స్ యుద్ధానికి దిగాడు. సైన్యంలో మూడింట రెండొంతులు పోయింది. ఆయన శవం కూడా దొరకలేదు.

తెగింపు_తెలుగు
అధికారులు వెధవ పని చేశారు, ఒప్పుకుంటాను. కానీ లోపలికి వచ్చినవాళ్ళు సొంత నాయకుడితో, సొంత ఆయుధాలతో ఒక్క గుంపుగా ఉండిపోవడం 382 ఒప్పందంతోనే మొదలైంది కదా. అంతకుముందు ఓడిపోయిన తెగలను చెదరగొట్టి పొలాల్లో స్థిరపరిచేవారు. నేనంటున్నది ఆ తేడా గురించి.

రైన్_ఒడ్డు
ఈ మాట సరైనదే. ముందే ఇలా చెప్పి ఉంటే ఇంత గొడవ లేదు.

వార్డు_అక్క
అందరూ రాజులు, సేనానుల చుట్టూ తిరుగుతున్నారు. 165లో పార్థియా యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులతో పాటు వచ్చిన మహమ్మారి సంగతేమిటి? గాలెన్ లాంటి వైద్యుడు లక్షణాలు రాశాడు. ఒంటి నిండా నల్లటి పొక్కులు, జ్వరం, విరేచనాలు. మశూచి అని చాలామంది అంచనా. మళ్ళీ 249 ప్రాంతంలో ఇంకొకటి వచ్చింది, కార్తేజ్ బిషప్ సిప్రియన్ పేరుతోనే దాన్ని పిలుస్తారు. మనుషులు లేకపోతే పొలం దున్నేదెవరు, సైన్యంలో చేరేదెవరు? నేను ప్రభుత్వాసుపత్రిలో నర్సును. కరోనా తగ్గాక కూడా మా వార్డులో ఖాళీలు నిండలేదు. ఉన్నవాళ్ళ మీదే పని పడి, వాళ్ళలోనూ కొందరు మానేశారు. రోగం పోయినా దాని దెబ్బ ఉండిపోతుంది.

లెక్కల_మాస్టారు
దెబ్బ నిజమే అమ్మా, కానీ కాలం కుదరదు. రెండో మహమ్మారి తర్వాత పశ్చిమం ఇంకో రెండువందల ఏళ్ళు నిలిచింది. పతనం జరిగిన 5వ శతాబ్దంలో అంత పెద్ద మహమ్మారి నమోదు కాలేదు.

వార్డు_అక్క
మీరే చెప్పారు మాస్టారూ, సైన్యానికి మనుషులు దొరుకుతారని గోత్‌లను రానిచ్చారని.

సంధ్య_చదువులు
అది చెప్పింది నేను అక్కా. :) అయినా మాస్టారు జవాబు చెప్పాల్సిందే.

గొట్టాల_రసాయనం
ప్రకృతి వైద్యుడి వాదనకు ఎవరూ బదులివ్వలేదు. నీటి శుద్ధి రంగంలో పనిచేస్తాను కాబట్టి నేనిస్తాను. రోమ్‌కు వచ్చే నీళ్ళలో సున్నం ఎక్కువ. కొంతకాలానికి గొట్టం లోపల సున్నపు పొర కట్టేస్తుంది, నీటికి సీసం తగలడం తగ్గిపోతుంది. పైగా వాళ్ళ నీళ్ళు కుళాయి కట్టేసినట్టు నిలవ ఉండేవి కావు, రాత్రింబవళ్ళు పారుతూనే ఉండేవి. నీటికన్నా ద్రాక్షరసాన్ని సీసపు గిన్నెల్లో మరగబెట్టి చేసుకున్న తీపి పానకం ఎక్కువ ప్రమాదం. అది తిన్నవాళ్ళకు ఆరోగ్యం చెడి ఉండవచ్చు. కానీ అవే గొట్టాలు, అదే పానకం తూర్పు సామ్రాజ్యంలోనూ ఉన్నాయి. అది 1453 దాకా నిలిచింది.

గోదావరి_గట్టు
ఇది ప్రింటు తీసి ఆయన గోడకు అంటిస్తాను. మరి మా మామయ్యకు?

గొట్టాల_రసాయనం
నీతి చెడిపోయిందని రోమన్ చరిత్రకారుడు సల్లస్ట్ రాసింది జూలియస్ సీజర్ కాలంలో. పశ్చిమం పడిపోయింది అయిదువందల ఏళ్ళ తర్వాత. మధ్యలో సామ్రాజ్యం రెట్టింపయింది. కూలిన నాటికి వాళ్ళు క్రైస్తవులు, రోమ్‌లో గ్లాడియేటర్ల ఆటలు కూడా ఆగిపోయాయి. మామయ్యగారి లెక్కన నీతి పెరిగాకే కూలింది.

రైన్_ఒడ్డు
ఆటలంటే గుర్తొచ్చింది. మాకు దగ్గరలోని ట్రియర్ ఒకప్పుడు చక్రవర్తులు కూర్చున్న నగరం. వాళ్ళ నల్ల కోటద్వారం ఇంకా నిలిచి ఉంది. 5వ శతాబ్దంలో ఆ ఊరు పదేపదే దోపిడీకి గురైంది. వీధుల్లో శవాలు ఉండగానే, మిగిలిన పెద్దమనుషులు చక్రవర్తికి అర్జీ పెట్టుకున్నారట, రథాల పందేలు జరిపించమని. మార్సెయిల్ మతగురువు సాల్వియన్ ఒళ్ళు మండి రాశాడు. మామయ్యగారికి కావాలంటే ఇది చెప్పండి, సంతోషిస్తారు.

నల్గొండ_నాణేలు
ఇంకొక పాత వాదన ఉంది. రోమ్ బంగారమంతా ఇండియాకు పోయి దివాలా తీసిందని. ఏటా అయిదు కోట్ల సెస్టర్స్‌లు (రోమన్ నాణేలు) ఇండియా లాగేసుకుంటోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. మా ఉమ్మడి నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేల పెద్ద నిధి దొరికింది. నాగార్జునకొండలోనూ రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. నీరో 64లో నాణెంలో వెండి తగ్గించాక, ఇటు వచ్చే వెండి నాణేలు బాగా పలచబడ్డాయి. మనవాళ్ళు గీటు పెట్టి చూసి వద్దన్నారని నాకు నమ్మాలనిపిస్తుంది. తర్వాత చక్రవర్తులు ఇంకా కల్తీ చేసుకుంటూ పోయి, 270 నాటికి వెండి నాణెంలో వెండి 5 శాతం కూడా లేకుండా చేశారు. మిగతా అంతా రాగి. మన చేతికి వచ్చినవి మాత్రం మంచి కాలపు నాణేలు.

మిరియాల_డబ్బా
అంటే రోమ్‌ను కూల్చింది మనమేనా! మా ఇంట్లో ఈ మాట చెప్పాలి.

లెక్కల_మాస్టారు
అంత గర్వం వద్దు. ఈజిప్టు రేవుల్లో ఇండియా సరుకు మీద ప్రభుత్వం 25 శాతం సుంకం వసూలు చేసేది. మలబారు తీరంలోని ముజిరిస్ రేవు నుంచి వెళ్ళిన ఒక్క ఓడ సరుకు విలువ కట్టిన పాపిరస్ పత్రమే దొరికింది. ఈ వ్యాపారంలో ఖజానాకు లాభమే. నాణేల కల్తీకి కారణం సైన్యం జీతాలు. 235 నుంచి 284 వరకు ఇరవై మందికి పైగా చక్రవర్తులు మారారు. గద్దెక్కినవాడల్లా సైనికులకు బహుమానం పంచాలి. వెండి ఎక్కడినుంచి వస్తుంది?

మధ్యయుగాల_మిత్రుడు
ఇంతసేపూ చదివాను. అసలు "కూలింది" అన్న మాటే నాకు అభ్యంతరం. 493 నుంచి 526 దాకా ఇటలీని ఏలిన గోత్ రాజు థియోడోరిక్ రోమన్ చట్టాన్ని, సెనేట్‌ను, పన్నుల కచేరీని అలాగే ఉంచాడు. కాసియోడోరస్ లాంటి రోమన్ పెద్దలు ఆయన దగ్గర ఉత్తర్వులు రాశారు. కొలోసియంలో జంతువుల వేట 523లో కూడా జరిగింది. పాలకుడు మారాడు, బతుకులు మెల్లగా మారాయి. పతనం అని గుండెలు బాదుకోవడం ఎందుకు?

తవ్వకాల_పిచ్చి
నువ్వు ఉత్తర్వులు చదువుతున్నావు తమ్ముడూ, నేను చెత్త చూస్తాను. రోమ్‌లో మోంటే టెస్టాచియో అని ఒక గుట్ట ఉంది. ఎక్కి చూశాను. కాలి కింద కరకరలాడేదంతా మట్టి జాడీల పెంకులే. స్పెయిన్, ఆఫ్రికాల నుంచి నూనె వచ్చిన జాడీలు కోట్ల సంఖ్యలో పగలగొట్టి పేర్చారు. ముప్పై అయిదు మీటర్ల ఎత్తు. పెంకుల మీద బరువు, పంపినవాడి పేరు, అధికారి గుర్తు సిరాతో రాసి ఉన్నాయి. అంత పద్ధతిగా సరుకు నడిచిన వ్యవస్థ అది.

ఇప్పుడు బ్రిటన్ చూడు. 5వ శతాబ్దం మొదట్లో సైన్యం పోయింది, కొత్త నాణేలు రావడం ఆగింది. ఒకటి రెండు తరాల్లో కుమ్మరి చక్రం మీద చేసిన కుండ మాయమైంది. ఇటుక కాల్చడం ఆగిపోయింది, పెంకుటిళ్ళు పోయి గడ్డి కప్పులు వచ్చాయి. రోమన్ కాలంలో మామూలు రైతు వాడిన నాణ్యమైన పళ్ళెం తర్వాతి కాలపు రాజు సమాధిలో కూడా కనిపించదు. ఎముకలు కొలిస్తే పశువులు సైతం చిన్నవైపోయాయి. థియోడోరిక్ ఆస్థానంలో లాటిన్ బాగానే ఉండవచ్చు. గేదె గిడసబారితే, కప్పు కారితే ఆ ఇంటివాడు దాన్ని "మార్పు" అంటాడా?

వేపచెట్టు_కింద
బ్రిటన్‌లో గేదెలెక్కడివి అన్నా?

తవ్వకాల_పిచ్చి
ఆవు. ఆవేశంలో మన ఊరు వచ్చేసింది.

మధ్యయుగాల_మిత్రుడు
బ్రిటన్ మారుమూల. సిరియా, ఈజిప్టులలో ఆ శతాబ్దంలోనే ఊళ్ళు పెరిగాయి. ఉత్తర సిరియా కొండల్లో రాతి ఇళ్ళ పల్లెలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. మీరు బ్రిటన్ పెంకులు చూపిస్తే నేను ఆ ఇళ్ళు చూపిస్తాను. అందరికీ ఒకే కాలంలో ఒకే గతి పట్టలేదు.

ఇంకా ఒకటి. రోమ్ నగరాన్ని పిచ్చిగా నాశనం చేసింది ఏ తెగా కాదు, తిరిగి గెలవాలని తూర్పు చక్రవర్తి జస్టినియన్ చేసిన యుద్ధం. 535లో మొదలై ఇరవై ఏళ్ళు సాగింది. 537 ముట్టడిలో గోత్‌లు నగరానికి నీళ్ళు తెచ్చే కాలువలన్నీ కోసేశారు. ఆ నీటితో తిరిగే పిండిమరలు ఆగిపోతే జస్టినియన్ సేనాపతి బెలిసారియస్ టైబర్ నదిలో పడవల మీద మరలు కట్టించాడు. ఒకప్పుడు పది లక్షల మంది ఉన్న ఊళ్ళో యుద్ధం ముగిసేసరికి కొన్ని వేలమంది మిగిలారు. ఆ తర్వాతే సెనేట్ కూడా చరిత్రలోంచి జారిపోయింది.

లెక్కల_మాస్టారు
తూర్పు గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను, నా వాదనకు అదే సాక్ష్యం. ఈజిప్టు, సిరియా, ఆసియా మైనర్ పన్నులు ఎవరూ లాక్కోలేకపోయారు. 413లో కట్టిన కాన్‌స్టాంటినోపుల్ గోడ ముందు, జలసంధి ముందు హూణులూ గోత్‌లూ ఆగిపోయారు. యూరప్ వైపు ఎన్నిసార్లు దోపిడీ జరిగినా అవతలి ఒడ్డు నుంచి డబ్బు వస్తూనే ఉంది. పశ్చిమానికి ఆఫ్రికా అలాంటి అవతలి ఒడ్డు.

రైన్_ఒడ్డు
దాన్ని కాపాడుకోవాల్సిన సమయంలో ఏం జరిగింది మాస్టారూ? వాండల్‌లు దిగడానికి ముందు ఆఫ్రికా సేనాపతి బోనిఫేస్ మీదికి రావెన్నా ప్రభుత్వమే సైన్యం పంపింది. తర్వాత 432లో బోనిఫేస్, ఇంకో సేనాపతి ఏటియస్ ఇటలీలో ఒకరితో ఒకరు యుద్ధం చేశారు. ఇద్దరూ సమర్థులే. బోనిఫేస్ గెలిచి, గాయంతో చచ్చిపోయాడు. 454లో మిగిలిన ఏటియస్‌ను వాలెంటినియన్ స్వయంగా పొడిచి చంపాడు. మరుసటి ఏడు ఏటియస్ మనుషులు వాలెంటినియన్‌ను చంపారు. ఆ ఏడే గైసెరిక్ వచ్చి పద్నాలుగు రోజులు తీరిగ్గా రోమ్‌ను దోచుకున్నాడు. మీ జమాఖర్చుల పుస్తకం చించింది వీళ్ళే.

లెక్కల_మాస్టారు
అంతర్యుద్ధాలు 3వ శతాబ్దంలో ఇంతకన్నా ఘోరంగా జరిగాయి. 260లో చక్రవర్తి వలేరియన్ పర్షియా రాజుకు బందీగా చిక్కాడు, గాల్ విడిపోయింది, సిరియాలోని పాల్మైరా విడిపోయింది. అయినా చక్రవర్తి ఆరేలియన్ 274 కల్లా అన్నిటినీ కలిపాడు. ఎలా? అప్పుడు ఆఫ్రికా చేతిలో ఉంది.

రైన్_ఒడ్డు
అప్పుడు విడిపోయినవాళ్ళందరూ రోమన్లు. పాల్మైరా అయినా గాల్ అయినా ఓడిపోతే మళ్ళీ పన్ను కట్టేవాళ్ళే. గైసెరిక్ కట్టడు.

గోదావరి_గట్టు
ఒక్క కారణం అడిగితే మీరిద్దరూ ఒకే కారణాన్ని రెండు వైపులనుంచి లాగుతున్నారు. పోనీ, ఆఫ్రికాను తిరిగి తెచ్చుకునే అవకాశం నిజంగా ఎప్పుడైనా ఉందా? 468 కాకుండా?

లెక్కల_మాస్టారు
పశ్చిమ చక్రవర్తి మజోరియన్. 457 నుంచి 461 వరకు ఏలాడు. గాల్, స్పెయిన్‌లలో మళ్ళీ పట్టు సంపాదించి, పన్ను బకాయిలు రద్దుచేసి, స్పెయిన్ తీరంలో నౌకాదళం సిద్ధం చేశాడు. 460లో బయలుదేరకముందే వాండల్‌లు ఆ ఓడలను దెబ్బతీశారు. మరుసటి ఏడు ఇటలీకి తిరిగొస్తుంటే అతని సేనాపతి రిసిమరే పట్టుకుని చంపించాడు.

రైన్_ఒడ్డు
చంపింది ఎవరో ఇంకొకసారి చెప్పండి మాస్టారూ. వాండల్‌లా, సొంత సేనాపతా?

తవ్వకాల_పిచ్చి
మీ ఇద్దరి తగవు తెల్లారినా తెగదు. మజోరియన్ 458లో ఇంకో చట్టం చేశాడు, నాకు పనికొచ్చేది. రోమ్‌లో పాత ప్రభుత్వ భవనాల రాళ్ళు పీక్కుని సొంత ఇళ్ళు కట్టుకోవద్దని. అనుమతి ఇచ్చిన అధికారికి 50 పౌండ్ల బంగారం జరిమానా, కింది ఉద్యోగులకు కొరడా దెబ్బలు, చేతులు నరకడం.

వేపచెట్టు_కింద
రాయి పీకినవాడికి ఏమీ లేదా?

తవ్వకాల_పిచ్చి
పీకిన రాయి తిరిగి ఇచ్చేయాలి.